బొల్లారం బడిలో ఫోన్ల పెట్టె



బొల్లారంలో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న ఒక బడిలో నేను చాలా ఏళ్ళు తెలుగు చెప్పాను. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ మీదుగా నిజామాబాద్ వైపు వెళ్ళే లైను అది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మీటరు గేజి. మన్మాడ్ వెళ్ళే అజంతా ఎక్స్‌ప్రెస్ ఆ సన్న పట్టాల మీదే పోయేది. బండి వస్తోందంటే ముందు కిటికీ ఊచలు వణికేవి, ఆ వెనకే మోత. పద్యం మధ్యలో ఉన్నా ఆపేసేదాన్ని. ఆ మోతలో నోరు విప్పి లాభం లేదు. సుద్దముక్క చేత్తో పట్టుకుని నేనూ, పుస్తకాల మీద చేతులు పెట్టుకుని పిల్లలూ కిటికీ వైపు చూస్తూ ఉండేవాళ్ళం. గూడ్సు బండి అయితే వెనక బెంచీ వాళ్ళు పెట్టెలు లెక్కపెట్టేవాళ్ళు. గార్డు పెట్టె దాటిపోగానే, "ఎక్కడున్నాం?" అని అడిగేదాన్ని. "మూడో పాదం టీచర్!" అని నలభై గొంతులు ఒక్కసారిగా పలికేవి. అందరం కలిసే ఆగాం, అందరం కలిసే మళ్ళీ పద్యంలోకి వచ్చాం.

తరగతి గదిలోకి సెల్‌ఫోన్ రానివ్వాలా వద్దా అన్న విషయం మీద మాట్లాడమన్నప్పుడు నాకు మొట్టమొదట గుర్తొచ్చింది ఆ రైలే. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ళ కిందట, తొమ్మిదో తరగతి. మధ్యాహ్నం భోజనాల ముందు పీరియడ్. మూడో బెంచీలో కూచున్న అమ్మాయి సంచి బెంచీ అరలో ఉంది. అందులో ఫోను వణికింది. సైలెంట్‌లో పెట్టుకుంది పాపం. కాని చెక్క మీద వణికితే ఆ చప్పుడు దాగదు. అగ్గిపెట్టెలో పెట్టిన బంగారు పురుగు గీరినట్టు ఉంటుంది. నేను పాఠం ఆపలేదు. రెండు నిమిషాలకు మళ్ళీ వణికింది. ఆ అమ్మాయి చెయ్యి సంచిలోకి పోలేదు. బుద్ధిమంతురాలు. పుస్తకం మీదే చూపు, వేలు కూడా వరస వెంటే కదులుతోంది. కాని ఆ వేలు ఒక వరస వెనకబడి ఉంది. కాసేపటికి రెండు వరసలు. ఆ తర్వాత అసలు కదలడం మానేసింది.

గంట కొట్టాక దగ్గరికి పిలిచి, "ఎవరమ్మా ఫోను?" అన్నాను.

"తెల్వది టీచర్. చూడలే. మా అమ్మకు పొద్దుగాల నుంచి పానం బాగలేదు. గందుకే ఏమైందో అని..." అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇద్దరం కలిసి చూశాం. తల్లి ఫోను కాదు. రీఛార్జ్ గడువు రేపటితో అయిపోతుందని కంపెనీ వాళ్ళు పంపిన రెండు మెసేజ్‌లు.

ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. ఫోను తీయలేదు, ఆట ఆడలేదు, రీల్స్ చూడలేదు. అయినా పాతిక నిమిషాలు ఆమె మా మధ్య లేదు. రైలు నలభై మందిని ఒకేసారి బయటికి తీసుకుపోయి, ఒకేసారి తిరిగి దింపేది. ఎక్కడ ఆగామో నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఫోను మాత్రం ఒక్క పిల్లను, ఎవరికీ చెప్పకుండా తీసుకుపోతుంది. ఎప్పుడు తిరిగొచ్చిందో, అసలు వచ్చిందో రాలేదో టీచరుకు తెలియదు.

యునెస్కో వాళ్ళు 2023 జులైలో, చదువులో సాంకేతిక పరిజ్ఞానం గురించి పెద్ద నివేదిక ఒకటి ఇచ్చారు. ధ్యాస ఒకసారి చెదిరితే, చదువుతున్న దాని మీదికి మళ్ళీ పూర్తిగా రావడానికి పిల్లలకు 20 నిమిషాల దాకా పట్టవచ్చని అందులో రాశారు. అది చదివినప్పుడు నాకు ఆ అమ్మాయి వేలే కళ్ళముందు కదిలింది. మా పీరియడ్ మొత్తం 45 నిమిషాలు. హాజరు వేయడానికీ, నిన్నటి పాఠం గుర్తుచేయడానికీ పది పోతే మిగిలేది 35. అందులో రెండుసార్లు ఫోను వణికిందంటే ఆ పిల్లకు ఇక పాఠం లేనట్టే.

అందుకే నా మాట ముందే చెప్పేస్తున్నాను. పాఠం జరుగుతున్నంత సేపు పిల్లల దగ్గర ఫోను ఉండకూడదు. జేబులోనూ వద్దు, సంచిలోనూ వద్దు, స్విచ్ఛాఫ్ చేసి అయినా వద్దు. అయితే పిల్లల చేతిలోంచి ఫోను తీసుకునే ముందు పెద్దవాళ్ళం మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. అవి చేయకుండా తీసుకుంటే అది దౌర్జన్యమే. నేను ఈవాళ ఎక్కువగా చెప్పదలచుకున్నది వాటి గురించే.

రాష్ట్రపతి నిలయం ఉన్న చోటుగా బొల్లారం మీ అందరికీ తెలుసు. మాకు మాత్రం బొల్లారమంటే బజారు, రైలు గేటు, కంటోన్మెంటు రోడ్ల మీద పెద్ద పెద్ద చెట్లు, పొద్దున్నే సైనికులు పరుగెత్తే బూట్ల చప్పుడు. మా తరగతిలో అన్ని రకాల ఇళ్ళ పిల్లలూ కూచునేవాళ్ళు. తండ్రి సిపాయి అయితే ఈ ఏడు ఇక్కడ, వచ్చే ఏడు సరిహద్దులో. ఆటో నడిపే వాళ్ళ పిల్లలు, బంగళాల్లో వంట చేసే తల్లుల పిల్లలు, మేడ్చల్ వైపు కంపెనీల్లో షిఫ్టు డ్యూటీలు చేసే వాళ్ళ పిల్లలు. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ రైలు మేడ్చల్ దాకా వచ్చాక గుండ్లపోచంపల్లి నుంచి కూడా పిల్లలు రైలెక్కి రావడం మొదలుపెట్టారు. ఇంతమంది ఇళ్ళలో ఫోను అంటే ఒకటే అర్థం కాదు. సిపాయి కొడుక్కి అది నెట్‌వర్క్ దొరికిన రోజున వినిపించే నాన్న గొంతు. రైల్లో వచ్చే ఆడపిల్ల తల్లికి అది, "దిగినవా బిడ్డా?" అని అడగగలిగే ధైర్యం. ఈ తల్లుల భయాన్ని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. చీకటి పడే వేళ కంటోన్మెంటు రోడ్డు మీద ఒంటరిగా నడిచి చూస్తే ఆ భయం ఏమిటో తెలుస్తుంది.

మరి ఈ ఫోను పిల్లల చేతికి ఎలా వచ్చింది? బళ్ళలో ఫోన్లు వద్దని సీబీఎస్ఈ 2009లోనే సర్క్యులర్ పంపింది. అప్పట్లో పిల్లల దగ్గర ఫోన్లు ఎక్కడివి? ఎవరో ఒకరిద్దరు తెచ్చేవాళ్ళు, హెడ్మాస్టరు తీసుకుని బీరువాలో పెట్టి తండ్రిని పిలిపించేవారు. 2016లో ఉపాధ్యాయ దినోత్సవం నాడే, సెప్టెంబరు 5న, జియో వచ్చింది. డేటా చవకైంది. అయినా మా బొల్లారం ఇళ్ళలో ఫోను తండ్రి జేబులోదే. పిల్లలు ముట్టుకుంటే తిట్లే.

కరోనా వల్ల 2020 మార్చిలో బళ్ళు మూతపడ్డాయి. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలుకొని పదో తరగతి దాకా దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ ప్రభుత్వం పాఠాలు చెప్పించింది. ప్రైవేటు బళ్ళు నేరుగా ఫోన్లలోనే క్లాసులు పెట్టాయి. అంతకుముందు ఫోను ముట్టుకుంటే వీపు పగులుతుందన్న తల్లిదండ్రులే చిట్టీ ఎత్తి, చెవుల కమ్మలు కుదువపెట్టి ఫోన్లు కొన్నారు. కొనమని మేమే చెప్పాం. "టచ్ ఫోన్ లేకుంటే నీ పిల్ల చదువు ఆగిపోతదమ్మా" అని నేనే ఒక తల్లితో అన్నాను. ఆవిడ ఇళ్ళలో అంట్లు తోమే మనిషి. మూడు నెలలు వాయిదాలు కట్టి తీర్చింది. ఇవాళ అదే తల్లిని పేరెంట్స్ మీటింగ్‌కు పిలిచి, "మీ పిల్ల చేతిలో ఫోనుంటే చదువు చెడిపోతుంది" అని చెబుతున్నాం. ఆవిడ మా మొహం వైపు చూసే చూపుకు మా దగ్గర జవాబు లేదు.

అక్కడితో ఆగలేదు. పిల్లల పాఠ్యపుస్తకం తెరవండి. పాఠం మొదట్లో నల్లచుక్కల చదరం ఒకటి ఉంటుంది. క్యూఆర్ కోడ్. దాని మీద ఫోను పెడితే దీక్షా యాప్‌లో ఆ పాఠం తాలూకు వీడియో వస్తుంది. దీక్షా కూడా 2017లో సెప్టెంబరు 5నే మొదలైంది. అంటే పుస్తకమే ఫోను అడుగుతోంది. అటు ఆంధ్రప్రదేశ్‌లో చూడండి. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ప్రభుత్వ బళ్ళలో ఎనిమిదో తరగతి చదివే నాలుగున్నర లక్షల మందికి పైగా పిల్లలకు పాఠాలు ఎక్కించిన ట్యాబులు పంచారు. దాదాపు ఎనిమిది నెలలకే, 2023 ఆగస్టులో, అదే ప్రభుత్వం బళ్ళలో సెల్‌ఫోన్లు నిషేధించింది. పిల్లలు తేకూడదు. టీచర్లు కూడా క్లాసుకు వెళ్ళే ముందు తమ ఫోన్లు హెడ్మాస్టరుకు అప్పగించాలి. నేను ఇందాక చెప్పిన యునెస్కో నివేదికనే ఆ ఉత్తర్వుకు ఆధారంగా చూపారు. ఆ ఉత్తర్వు మంచిదే అని నా అభిప్రాయం. ట్యాబుకూ ఫోనుకూ తేడా ఉందనీ ఒప్పుకుంటాను. కాని పదమూడేళ్ళ పిల్లవాడికి ఆ తేడా ఎవరు వివరించారు? ఒక చేత్తో తెర ఇచ్చి, రెండో చేత్తో తెర లాక్కుంటే వాడికి అర్థమయ్యేది ఒకటే. పెద్దవాళ్ళకు కోపం వస్తే తీసుకుంటారు, సంతోషం కలిగితే ఇస్తారు.

ఇంకో సంగతి. ఇది మా బళ్ళన్నీ చేస్తున్న పని, నేనూ చేశాను. పగలు ఫోను తెస్తే తప్పు. రాత్రి ఎనిమిదింటికి క్లాసు వాట్సాప్ గ్రూపులో హోంవర్కు పెడతాం. ఫీజు గడువు అందులోనే, రేపటి పరీక్ష సిలబస్ అందులోనే. మా తరగతిలో ఒక అబ్బాయి వారంలో నాలుగు రోజులు హోంవర్కు లేకుండా వచ్చేవాడు. నిలబెట్టాను, కోప్పడ్డాను. ఒకరోజు మెల్లిగా చెప్పాడు.

"టీచర్, ఫోను మా నాయన దగ్గరుంటది. ఆటో గిరాకీ ఉంటే పదకొండింటికి వస్తడు. నేను మేల్కోనే ఉంట టీచర్. ఒక్కోసారి నిద్ర పోత."

పదకొండేళ్ళ పిల్లవాడు రాత్రి పదకొండింటిదాకా వాకిట్లో కూచుని ఎదురుచూస్తున్నది ఆట కోసం కాదు, నేను పెట్టిన తెలుగు హోంవర్కు కోసం. మర్నాటి నుంచి నా హోంవర్కు బోర్డు మీదే రాశాను, డైరీలో ఎక్కించుకున్నాకే గంట. మిగతా టీచర్లను ఒప్పించడానికి ఏడాది పట్టింది. బడిలో ఫోను వద్దనేవాళ్ళు ముందు హోంవర్కును ఫోనులోంచి బయటికి తియ్యాలి. అది చెయ్యని బడికి పిల్లవాడి సంచి వెతికే అర్హత లేదని నేను గట్టిగా నమ్ముతాను.

బోర్డు అంటే గుర్తొచ్చింది. ఫోనుంటే నోట్సు రాసుకునే శ్రమ తప్పుతుంది కదా అని అడిగేవాళ్ళున్నారు. ఒకసారి వర్షం వల్ల హాజరు తక్కువగా ఉంది, పదో తరగతి పిల్లలకు సంధులు చెబుతున్నాను. బోర్డు మీద విద్యా, అర్థి అని రెండు ముక్కలు రాసి, మధ్యలో కూడిక గుర్తు పెట్టి, కలిపితే విద్యార్థి అని చూపించాను. ఒక పిల్లవాడు ఫోను తెచ్చుకున్నాడు. "ఫోటో తీసుకుంటా టీచర్, ఇంటికి పోయి రాసుకుంట" అన్నాడు. సరే అన్నాను. వారం తర్వాత చిన్న పరీక్ష పెడితే, చేత్తో రాసుకున్న వాళ్ళు విడదీశారు. ఫోటో తీసుకున్నవాడు దేవాలయం అన్న మాట దగ్గర కలం పట్టుకుని కూచుండిపోయాడు. వాడు మొద్దు కాదు, లెక్కల్లో దిట్ట. దేవ దగ్గర ఒకసారి ఆగి, ఆలయం దగ్గర మళ్ళీ ఎత్తుకుంటే, ఆ అకారమూ ఆకారమూ ఎక్కడ కలిసి దీర్ఘమవుతున్నాయో వేళ్ళకు తెలుస్తుంది. వాడి ఫోనులో ఆ బోర్డు ఫోటో ఇప్పటికీ ఉండి ఉండవచ్చు. వాడి చేతికి మాత్రం ఆ మాట ఎప్పుడూ తగల్లేదు. ఇప్పుడైతే ప్రశ్న ఫోటో తీస్తే నేరుగా జవాబే రాసిచ్చే యాప్‌లు వచ్చాయి. ఆ జవాబు తప్పా ఒప్పా అన్నది పట్టుకోవాలన్నా ముందు సంధి రావాలి కదా.

ఇక పెద్దవాళ్ళ ఫోన్ల సంగతి. 2023 ఏప్రిల్ 3న తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. మొదటి రోజు తెలుగు పేపరు. పరీక్ష మొదలైన కాసేపటికే వికారాబాద్ జిల్లా తాండూరులో ప్రశ్నపత్రం ఫోటో వాట్సాప్‌లోకి వచ్చింది. బయటపెట్టింది పిల్లలు కాదు, పరీక్షా కేంద్రంలో డ్యూటీలో ఉన్న టీచరు. మర్నాడు హనుమకొండ జిల్లా కమలాపూర్‌లో హిందీ పేపరు ఫోటో కూడా వాట్సాప్‌లోకి వచ్చింది. ఆ రెండు రోజులూ రాష్ట్రమంతటా పదో తరగతి పిల్లలు పరీక్ష ఉంటుందా, మళ్ళీ రాయాలా అని వణికిపోయారు. మా పిల్లలు నన్నడిగారు, "మాకు ఫోన్ వద్దన్నరు గద టీచర్, మరి వాళ్ళకెట్ల ఇచ్చిన్రు?" అని. నేను చెప్పగలిగింది ఏముంది?

నిజానికి అంతకంటే చిన్నది, నా సొంతది ఒకటుంది. ఒక మధ్యాహ్నం పాఠం మధ్యలో నా ఫోను మోగింది. తీశాను. ఆఫీసు నుంచి ఏదో సమాచారం, వెంటనే పంపాలట. రెండు నిమిషాలే మాట్లాడాను. పెట్టేసి పిల్లల వైపు తిరిగేసరికి, సంచిలో ఫోను వణికిందని ఏడ్చిన ఆ మూడో బెంచీ అమ్మాయి నన్నే చూస్తోంది. ఏమీ అనలేదు. నా చెవులు వేడెక్కాయి. ఆ రోజు నుంచి నా ఫోను క్లాసుకు రాలేదు.

టీచర్ల కష్టం నాకు తెలియనిది కాదు. హాజరు ఫోనులోనే, మధ్యాహ్న భోజనం లెక్క ఫోనులోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి టీచరు మొహం ఫోనుకు చూపిస్తేనే హాజరు పడుతోంది. పైనుంచి వచ్చే ప్రతి మెసేజ్ 'వెంటనే' అనే ఉంటుంది. టీచరు క్లాసులో ఫోను చూడకూడదని ఉత్తర్వు ఇచ్చే అధికారి, క్లాసులు జరిగే వేళ టీచరుకు మెసేజ్ పంపకూడదని కూడా అదే కాగితం మీద రాయాలి.

పిల్లలకు తెరలే వద్దని నేను అనడం లేదు. ఆ అపార్థం వద్దు. ఈ మాటలు మీరు వింటున్నది కూడా ఒక యంత్రంలోంచే. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు పిల్లల కార్యక్రమం నడిపిన రోజుల్లో ఒక్క రేడియో చుట్టూ వాడకట్టు పిల్లలంతా చేరేవాళ్ళు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు పంపిన సైట్ ప్రయోగంలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. మాతో పనిచేసిన ఒక మాస్టారు అలాంటి ఊళ్ళో పెరిగారు. పొద్దున్నే బడి పిల్లల కార్యక్రమం వచ్చేదట. ఊరికంతా ఒకటే టీవీ. ముందు చిన్నపిల్లలు నేల మీద, వెనక పెద్దపిల్లలు నిలబడి. తెర మీద కప్ప దూకితే అందరూ ఒక్కసారే "ఓ" అనేవాళ్ళమని చెప్పేవారాయన. చూడటం అయ్యాక మాస్టారు లేచి నిలబడి, "ఏం చూశార్రా?" అని అడిగేవారట.

తేడా అక్కడుంది. ఒక తెరను నలభై మంది చూస్తే ఆ తెర కూడా నల్లబల్ల లాంటిదే. దాని గురించి పక్కవాడితో మాట్లాడొచ్చు, టీచరును ప్రశ్న అడగొచ్చు. నలభై మంది చేతుల్లో నలభై తెరలుంటే, గదిలో నలభై గదులు. క్యూఆర్ కోడ్ వీడియో చూపించాలా? టీచరు ఒక ఫోను తెచ్చి ప్రొజెక్టరుకు తగిలించి గోడ మీద చూపించవచ్చు. గుండె ఎలా కొట్టుకుంటుందో, గ్రహణం ఎలా పడుతుందో నేను నోటితో ఎంత చెప్పినా ఆ వీడియో చూపినంత బాగా చెప్పలేను. చూపించాక ఫోను మళ్ళీ ఆఫీసుకు.

కోర్టులు కూడా ఈ విషయంలోకి వచ్చాయి. 2019లో కేరళ హైకోర్టు ముందుకు ఒక కాలేజీ అమ్మాయి వెళ్ళింది. హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోను వాడకూడదన్న నియమం పాటించనన్నందుకు ఆమెను హాస్టల్ నుంచి పంపేశారు. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమేనని కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. అది హాస్టలు, చదువుకునే అమ్మాయి వయసొచ్చిన మనిషి. తరగతి గదిలో పాఠం వేళకు ఆ తీర్పును తెచ్చి అతికించలేం. 2025 ఫిబ్రవరి 28న ఢిల్లీ హైకోర్టు నేరుగా బడి ఫోన్ల మీదే మాట్లాడింది. పూర్తి నిషేధం మంచిదీ కాదు, ఆచరణలో నడిచేదీ కాదు అంది. పిల్లలు ఫోను తెచ్చుకోవచ్చు. వీలైన చోట పొద్దున అప్పగించి సాయంత్రం తీసుకునే ఏర్పాటు బడి చెయ్యాలి. తరగతిలో వాడకూడదు. తల్లిదండ్రులతో టీచర్లతో మాట్లాడి నియమాలు పెట్టుకోవాలి. తప్పు చేసిన పిల్లల మీద మరీ కఠినంగా పోకూడదు. ఫ్రాన్స్‌లో 2018 నుంచే బడిలో ఫోను వాడకూడదన్న చట్టం ఉంది, నెదర్లాండ్స్‌లో 2024 జనవరి నుంచి తరగతుల్లో ఫోన్లు మానేశారు. కాని నాకు ఢిల్లీ తీర్పే దగ్గరగా తోచింది, ఎందుకంటే అందులో రైలెక్కి వచ్చే ఆడపిల్ల తల్లి భయానికి చోటుంది.

ఆ ఏర్పాటు ఎలా ఉంటుందో మా బడి సంగతే చెబుతాను. ఢిల్లీ తీర్పు రాకముందే మేం ఒక పెట్టె చేయించాం. బొల్లారం బజారులో వడ్రంగి ప్లైవుడ్‌తో చేసిచ్చాడు. నలభై ఎనిమిది అరలు, ఒక్కో అర మీద తెల్ల రంగుతో అంకె. ముందు తలుపు, చిన్న తాళం. మొదటిరోజు పిల్లలు వరసలో నిలబడి ఫోన్లు పెడుతుంటే పక్కన నిలబడి చూశాను. పగిలిన అద్దం మీద అంటించిన ప్లాస్టరు. వెనక కవరులో మడిచి పెట్టిన పది రూపాయల నోటు. సినిమా హీరో బొమ్మ, వెంకటేశ్వరస్వామి బొమ్మ. మధ్యలో ఒక పిల్ల చేతిలో రబ్బరుబ్యాండు చుట్టిన మీటల ఫోను. అది పెట్టేటప్పుడు దాన్ని రుమాలుతో కప్పింది. దాని పక్క అరలో ఉన్నది ఆ పిల్ల తండ్రి నాలుగు నెలల జీతమంత ఖరీదు ఫోను. యూనిఫాం ఎందుకు పెట్టుకున్నామో ఆ క్షణంలో మళ్ళీ అర్థమైంది. బట్టల్లో చెరిపేసిన తేడాను ఫోనులో పోగు చేసుకుంటున్నాం. వారంలోగా టైలరు దగ్గర యూనిఫాం కుట్టగా మిగిలిన గుడ్డతో ఒకే రకం సంచులు కుట్టించాం. ఫోను ఇంట్లోంచే సంచిలో పెట్టుకుని తెచ్చి, సంచితోనే అరలో పెట్టాలి. ఒకటో నంబరు అర టీచరుది. పిల్లల ముందే నా ఫోను అందులో పెట్టేదాన్ని.

మొదటి వారం కష్టమే అయింది. పిల్లల చేతులు మాటిమాటికీ జేబు మీదికి పోయేవి, అక్కడ ఏమీ లేదని గుర్తొచ్చి వెనక్కొచ్చేవి. ఒకడు కడుపునొప్పి అని ఇంటికెళ్ళిపోయాడు, మర్నాడు నిజం చెప్పాడు. సాక్సులో దాచిన ఫోను ఒకటి దొరికింది. తీసుకుని పెట్టెలో పెట్టాం, సాయంత్రం ఇచ్చేశాం. కొట్టలేదు, జరిమానా వెయ్యలేదు. మూడో వారానికి భోజనాల వేళ గోల పెరిగింది. స్టాఫ్ రూమ్‌లో కొందరు విసుక్కున్నారు. నేను తలుపు తీసి వింటూ కూచున్నాను. ఎన్నో ఏళ్ళకు ఆ వరండాలో అచ్చంగాయలు ఆడే రాళ్ళ చప్పుడు వినిపించింది.

అయితే పెట్టె పెట్టాక మాకు తెలియకుండానే ఒక గొయ్యి తవ్వామని ఒకరోజు బయటపడింది. ఆఫీసులో ల్యాండ్‌లైను ఉంది కదా, అవసరమైతే అందులోంచి ఇంటికి చేసుకోవచ్చు అని పిల్లలకు చెప్పాం. ఒక పిల్లకు జ్వరమొచ్చింది. ఆఫీసుకు తీసుకెళ్ళి, "అమ్మ నంబరు చెప్పు" అన్నాను. తెల్ల మొహం వేసింది. "నా ఫోన్ల అమ్మ అని ఉంటది టీచర్" అంది. తరగతికి తిరిగొచ్చి అడిగాను, అమ్మ నంబరు నోటికి వచ్చినవాళ్ళు చేతులెత్తండి అని. నలభై మందిలో అయిదుగురు ఎత్తారు.

పద్యాలు నేర్పినట్టే నేర్పాను. పది అంకెల్లో ఎక్కడ ఆగితే నోటికి పడుతుందో ఎవరి నంబరుకు వాళ్ళనే వెతుక్కోమన్నాను. కొందరు రెండేసి విడదీశారు, కొందరు మూడు, మూడు, నాలుగు. ఒకడు తాళం వేసి పాడాడు. సిపాయి కొడుకు ఒకడు రెండు నంబర్లు నేర్చుకున్నాడు, అమ్మది ఇక్కడిది, నాన్నది దూరానిది. నాలుగు రోజుల్లో నలభై మందికీ వచ్చేశాయి.

జ్వరమొచ్చిన ఆ పిల్లే ఇంకో నెలకు మళ్ళీ ఆఫీసుకు వచ్చింది. ఈసారి సాయంత్రం ఎంఎంటీఎస్ ఆలస్యం, స్టేషన్లో ఎదురుచూసే తల్లికి ఆ మాట చెప్పాలి. నల్ల రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలించుకుంటూ ఒక్కో అంకె నొక్కింది. అవతల గంట మోగుతుంటే నా వైపు చూసింది. బయట గూడ్సు బండి వస్తోంది, కిటికీ ఊచలు వణుకుతున్నాయి. ఒక చెవి మూసుకుని, "అమ్మా, నేనే" అని గట్టిగా అరిచింది.